పిన్ని ఫ్రెంచి వదిలిన సంవత్సరం

మా పిన్ని తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది వాళ్ళ బడిలో ఫ్రెంచి ఎత్తేశారు.

ఎత్తేశారంటే పెద్ద గొడవేమీ జరగలేదు. ఫ్రెంచి చెప్పే టీచరమ్మ సెలవుల్లో వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. ఆ భాష తీసుకున్నవాళ్ళు చూస్తే ఏడుగురే. ఏడుగురి కోసం ఇంకో మనిషిని వెతకడం ఎందుకనుకున్నారో ఏమో, బడి తెరిచిన రోజు నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. ఫ్రెంచి విద్యార్థులు చిత్రలేఖనం గానీ జర్మన్ గానీ ఎంచుకోవలెను. కింద సంతకం, ముద్ర. మూడేళ్ళ చదువు ఆ ఒక్క వాక్యంతో తేలిపోయింది.

నేను పిన్ని అక్క కూతుర్ని. ఇందులో సగం మా అమ్మ చెప్పింది, సగం పిన్ని చెప్పింది. పిన్ని చెప్పిన సగం రాబట్టడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆవిడ మాటల మనిషి కాదు.

పిన్ని స్కేలు పెట్టి గీసినా గీత వంకర వచ్చేది. అయినా ముందు చిత్రలేఖనమే తీసుకుంటానంది. మా తాతయ్య ఒప్పుకోలేదు. ఆయన ఒక ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్ట్ మెకానిక్. చదువు తక్కువ గానీ, చదువంటే మహా గౌరవం.

"భాష బదులు భాషే తీసుకోవాలి గానీ బొమ్మలేంటే? రేపెవరైనా నీకేం వచ్చని అడిగితే బొమ్మ గీసి చూపిస్తావా?" అన్నాడు.

"అది కాదు నాన్నా. జర్మన్ వాళ్ళు అప్పుడే మూడేళ్ళు చదివేశారు. నేను వాళ్ళతో ఎలా కూర్చుంటాను?"

"బెంచీ మీదే కూర్చుంటావు. అందరూ ఎలా కూర్చుంటారో అలాగే."

అక్కడితో ఆ మాట అయిపోయింది.

పిన్ని అసలు బాధ జర్మన్ కాదు. ఎదురింటి పొడుగుది.

ఆ అమ్మాయికి వేరే పేరుండేది, నిజమే. కానీ పిన్ని నోట నేనెప్పుడూ ఆ పేరు వినలేదు. ఆవిడ పొడుగుది, ఈవిడ పొట్టిది. రెండు మేడల మధ్య సందు ఎంత ఇరుకంటే, ఈ బాల్కనీలోంచి దువ్వెన విసిరితే ఆ బాల్కనీలో పట్టుకోవచ్చు. ఆరో తరగతిలో ఇద్దరూ ఫ్రెంచి తీసుకున్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి బాల్కనీల్లో నిలబడి ఆ భాషలోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తప్పులతడకే అయినా, చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదు గదా. ఎవరింట్లో ఏ దెబ్బలాట జరిగింది, ఎవరికి ఎవరంటే ఇష్టం, ఎవరి మీద ఎవరికి ఏడుపొచ్చింది, అన్నీ ఆ సందులోనే, బట్టలారేసుకుంటూ, బాహాటంగా.

"నన్ను తిట్టుకుంటున్నారేమోనని ముందు ఒళ్ళు మండేది," అని మా అమ్మ నవ్వుతుంది. "తర్వాత తెలిసింది, వాళ్ళ మాటల్లో నా ఊసే లేదని. అప్పుడింకా మండింది."

ఊరికి ఆ చివర ఇంకో బడి ఉండేది. అక్కడ ఫ్రెంచి ఇంకా చెబుతున్నారని తెలిసింది. పిన్ని, పొడుగుది కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. వెళ్తే ఇద్దరూ వెళ్ళాలి, లేకపోతే ఇద్దరూ ఇక్కడే జర్మన్ క్లాసులో కూర్చోవాలి. తాతయ్య పొద్దున్నే డ్యూటీకి పోవాలి, అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పులు, రెండు బస్సులు మారి అంత దూరం పిల్లని పంపడం జరిగే పని కాదు. పిన్ని ఆ సంగతి పొడుగుదానితో చెప్పేసింది. అది సరేనంది. చెయ్యి కూడా కలిపింది.

వారం తర్వాత ఒక ఆదివారం పొద్దున పిన్ని బాల్కనీలోకి వచ్చి చూస్తే ఎదురింటి తీగ మీద ముదురాకుపచ్చ లంగా ఒకటి ఆరుతోంది. వీళ్ళ బడిది నీలం. ఆ ఆకుపచ్చ ఎక్కడిదో ఊళ్ళో అందరికీ తెలుసు. కొత్త బట్టని మొదటిసారి తడిపి ఆరేసినట్టున్నారు, అంచుల నుంచి పచ్చటి నీళ్ళు చుక్కలు చుక్కలుగా సందులోకి కారుతున్నాయి. పిన్ని కాసేపు చూసి లోపలికొచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు తాతయ్యావాళ్ళింట్లో బట్టలారేసే పని మా అమ్మ మీద పడింది. ఎందుకో ఆవిడకి అప్పట్లో తెలియదు.

సోమవారం జర్మన్ మాస్టారు పిన్నిని ఆరో తరగతి గదికి పంపించారు. మొదటి నుంచి నేర్చుకోవాలంటే మొదటివాళ్ళతో కూర్చోవాల్సిందే. మిగతా పాఠాలన్నీ తన తరగతిలో, జర్మన్ మాత్రం ఆరో తరగతిలో. వారానికి ఐదు పీరియడ్లు, గంట కొట్టగానే పుస్తకాలు చంకన పెట్టుకుని మెట్లు దిగి కిందికి వెళ్ళాలి. పదకొండేళ్ళ పిల్లల బెంచీలు. మోకాళ్ళు బల్లకి కొట్టుకునేవి. పక్కకి తిరిగి కూర్చుంటే కాళ్ళు దారికి అడ్డం. మొదటి రోజే రెండు జడల పిల్ల ఒకతి ఆ కాళ్ళ మీద తట్టుకుని పడి లేచి, "సారీ టీచర్," అంది. తరగతంతా గొల్లుమంది.

మాస్టారు నవ్వలేదు. ఆయన సన్నగా ఉండేవారు. చొక్కా జేబులో సుద్దముక్కలు వేసుకుని తిరగడంతో ఎడమవైపు ఎప్పుడూ తెల్లటి మరక.

"ఫ్రెంచి చదివావట గదా?"

"అవునండీ. మూడేళ్ళు."

"తలుపు బయట గొడుగు ఆనించి వచ్చినట్టు దాన్ని అక్కడే ఆనించి రా. వెళ్ళేటప్పుడు తీసుకుపో. లోపలికి మాత్రం తేకు."

చెప్పినంత తేలికైతే ఇంకేం. ఫ్రెంచిలో మాట చివరి అక్షరాలు సగం పలకరు, ముందున్న హకారాన్ని అసలే పట్టించుకోరు. జర్మన్‌లో రాసిన ప్రతిదీ పలకాలి. 'నా దగ్గర ఉంది' అనడానికి 'ఇష్ హాబె' అనాలి. పిన్ని లేచి నిలబడి 'ఈష్ ఆబ్' అంది. నలభై మంది పిల్లలు ఒక్క గొంతుతో "హా...బె!" అని దిద్దారు. మర్నాడూ అంతే. మూడోనాటికి పిల్లలకి అదొక ఆట అయిపోయింది. పిన్ని నోరు తెరిస్తే చాలు, వాళ్ళు ముందే ఊపిరి బిగబట్టేవాళ్ళు.

వాళ్ళు చెడ్డపిల్లలు కారు. అక్కా అక్కా అంటూ బూటు తాళ్ళు కట్టించుకునేవాళ్ళు, పెన్సిళ్ళు చెక్కించుకునేవాళ్ళు. అయినా పదకొండేళ్ళవాళ్ళతో పధ్నాలుగేళ్ళ అమ్మాయి ఏం మాట్లాడుతుంది? తిరిగి పైకి తన తరగతికి వెళ్తే అక్కడ అప్పటికే ఎవరి జట్లు వాళ్ళవి. ఈ పీరియడ్‌లో ఏం జరిగిందో వాళ్ళకి తెలియదు, ఆ పీరియడ్‌లో ఏం జరిగిందో తనకి తెలియదు. "రెండిళ్ళ మధ్య మెట్ల మీద కాపురం పెట్టినట్టుండేదే," అంది పిన్ని నాతో ఒకసారి.

సెప్టెంబరులో మాస్టారు ఆమెని ఆపి, "ఈ లెక్కన పదో తరగతి పరీక్షకి నువ్వు అందుకోలేవు. భోజనాల గంటలో నా గదికి రా," అన్నారు.

ఆ గంటే పిన్ని బడి జీవితంలో మిగిలింది. చిన్న గది, ఒక కిటికీ, గోడకి చిరిగిన పటం. ఆయన తన బల్ల దగ్గర డబ్బా విప్పుకునేవారు, పిన్ని మూలనున్న బల్ల దగ్గర. తినేటంతసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడేవారు కాదు. తినడం అయ్యాక ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, గడియారం చూసి మొదలుపెట్టేవారు. పిన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు గానీ, ఆయనతో కూర్చుని భోంచేసేవాళ్ళు కూడా ఆ బడిలో ఎవరూ లేరని కొన్నాళ్ళకి ఆమెకి అర్థమైంది.

ఒకరోజు జర్మన్‌లో 'అమ్మాయి' అనే మాట నపుంసకలింగమని చెప్పారు. పిన్నికి ఒళ్ళు మండింది.

"అదేంటండీ! ఫ్రెంచిలో అయితే అమ్మాయి అమ్మాయే."

"మనం ఏమంటాం? అమ్మాయి వచ్చింది. కుక్క వచ్చింది. బస్సు వచ్చింది. నీకు ఇన్నాళ్ళూ కోపం రాలేదే?"

పిన్ని ఆలోచించి ఫక్కున నవ్వింది. జూన్ తర్వాత ఆమె బడిలో నవ్వడం అదే మొదటిసారి. మాస్టారు కూడా కొంచెం నవ్వినట్టే ఉన్నారు, దగ్గు అడ్డొచ్చింది. ఆ రోజు నుంచి ఆమె ఫ్రెంచిని ఆసరా చేసుకోవడం మానేసి తన భాషనే ఆసరా చేసుకుంది. 'ఎందుకంటే' అని మొదలుపెడితే క్రియ వాక్యం చివరికి పోతుందంటే, మనం అలా కాక ఇంకెలా అంటాం అనిపించింది. నలభై మంది పిల్లలకి కొరుకుడుపడని సంగతి ఆమెకి ఒక్క పూటలో వచ్చేసింది. డిసెంబరులో ఆమెని ఏడో తరగతి బెంచీకి మార్చారు. మోకాళ్ళకి రెండంగుళాలు సుఖం.

ఆ చలికాలంలోనే తాతయ్య ఒక పాత పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఆయన పనిచేసే భవనంలో లిఫ్ట్ జర్మనీ నుంచి వచ్చింది. దాంతోపాటు వచ్చిన పుస్తకం పైన మోటారు గదిలో రేకుపెట్టెలో పడి ఉండేది. దాన్ని చదివిన నాథుడు లేడు. తాతయ్యకి పాత మెకానిక్ నేర్పాడు, పాత మెకానిక్‌కి అంతకుముందువాడు నేర్పాడు. ఆ లిఫ్ట్‌కి ఒక జబ్బుంది. పొద్దున అంతస్తుకి సమంగా ఆగేది, మధ్యాహ్నమయ్యేసరికి నాలుగు వేళ్ళ మందం కిందికి దిగి ఆగేది. టీ బండి తోసుకొచ్చే ఆవిడ చక్రం ప్రతిరోజూ అంచుకి కొట్టుకునేది, కప్పులు ఒలికేవి, ఆవిడ తాతయ్యని తిట్టేది.

"ఇది జర్మనే గదే? ఇందులో బ్రేకు గురించి ఏముందో చూడు."

నూనె మరకల పుస్తకం. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. పిన్ని మాస్టారి దగ్గర నిఘంటువు తెచ్చుకుని, బ్రేకు బొమ్మ ఉన్న పేజీ వెతికి, మాటకి మాట వెతుక్కుంటూ పదిరోజులు కూర్చుంది. చివరికి చదివి వినిపించింది: బ్రేకును యంత్రం చల్లగా ఉన్నప్పుడు సరిచేయాలి.

తాతయ్య మొహం చిన్నబోయింది. "అదేగా మేం చేసేది. పొద్దున్నే స్విచ్ వెయ్యకముందే బిగిస్తాం." అయినా కూతురి మనసు కష్టపెట్టడం ఇష్టం లేక, "మంచిదేలే. మేం చేసేది సరైందేనని తేలింది," అన్నాడు.

తర్వాత కొన్ని వారాలకి భోజనాల గంటలో మాస్టారు కొత్త పాఠం ఎత్తుకున్నారు. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలవుతాయట. తల ముందుంటుంది, తోక వాక్యం చివర ఎక్కడో ఉంటుంది. తోక దొరికేదాకా వాక్యం అయిపోయిందనుకోకూడదు. పిన్ని రాసుకుంటున్న పెన్సిలు ఆగిపోయింది. తన నోటుబుక్కులో రాసుకున్న బ్రేకు వాక్యానికి తోక లేదు.

సాయంత్రం ఇంటికి పరిగెత్తింది. అంటుకున్న పేజీని ఆవిరికి పట్టి, వెన్న కత్తితో మెల్లగా విడదీసింది. తర్వాతి పేజీ మొదటి వరసలో రెండే రెండు చిన్న మాటలున్నాయి. ఒకటి క్రియకి తోక. దానిముందు ఇంకొకటి: 'కాదు'. చల్లగా ఉన్నప్పుడు సరిచేయకూడదు. అరగంట నడిపి, వేడెక్కాక చేయాలి.

ఆదివారం తాతయ్య పిన్నిని మోటారు గదికి తీసుకెళ్ళాడు. మేడ మీద ఇనుప తలుపు గది, గ్రీజు వాసన, మాట్లాడితే గోడలు తిరిగి పలికేవి. లిఫ్ట్‌ని అరగంట ఖాళీగా పైకీ కిందికీ తిప్పారు. పిన్ని పుస్తకం పట్టుకుని చదువుతుంటే తాతయ్య బిగించాడు. సోమవారం మధ్యాహ్నం టీ బండావిడ లిఫ్ట్ దిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసిందట.

"ఇవాళ చక్రం కొట్టుకోలేదే! ఏం మంత్రం వేశావయ్యా?"

"మా చిన్నది చదివింది," అన్నాడు తాతయ్య. ఆ రోజు ఏడంతస్తుల్లోనూ ఆ మాటే చెప్పాడు. అక్కడితో ఆగక, ఎక్కడ పరాయి అక్షరాలు కనబడితే అక్కడి కాగితం ఇంటికి మోసుకొచ్చేవాడు. మందు డబ్బా, కుట్టుమిషను రేకు, ఒకసారి సబ్బు చుట్టిన కాగితం.

"ఇది జర్మన్ కాదు నాన్నా."

"అక్షరాలు అవేగా! ప్రయత్నించు."

ఇంత జరిగినా పిన్నికి ఇదంతా చెప్పుకోవడానికి మనిషి లేదు. అక్కకి చెబితే, "ఓహో, బాగుంది," అనేది. మా అమ్మే ఒప్పుకుంటుంది, తను సరిగ్గా వినలేదని. పొడుగుది పొద్దున ఆరున్నరకి బస్సెక్కి సాయంత్రం చీకటి పడ్డాక వచ్చేది. బాల్కనీలో కనబడితే చెయ్యి ఊపుకునేవాళ్ళు. అంతవరకే.

ఆ వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం పొడుగుదే వచ్చింది, డాబా మెట్ల మీదికి. ఎప్పటిలా ఫ్రెంచిలో మొదలుపెట్టింది. ఏడాదిలో దాని భాష ఎంతో ముదిరింది, గలగలా వస్తోంది. పిన్ని లిఫ్ట్ సంగతి చెబుదామనుకుంది. ఆ కథంతా ఆమె మనసులో ఎన్నోసార్లు చెప్పుకుని దాచిపెట్టుకున్నదే, పొడుగుదాని కోసమే. నోరు తెరిస్తే బ్రేకుకి ఫ్రెంచి మాట తెలియదు. చల్లదనం తెలుసు, వేడి తెలుసు. 'కానీ' అనబోతే 'ఆబర్' అని వచ్చింది. అది జర్మన్. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అదే. పొడుగుది పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏంటే ఇది? ఎవరి భాషే నీది?"

దాని నవ్వులో చెడు లేదు. పిన్ని కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. అప్పుడు మామూలు మాటల్లో, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో అడిగింది.

"వెళ్తున్నానని నాకెందుకు చెప్పలేదే?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మూడేళ్ళలో వాళ్ళు ఇలాంటి సంగతి సొంత భాషలో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఫ్రెంచిలో అయితే ఏదైనా నాటకంలో మాటలా తేలిగ్గా ఉండేది. ఇది అలా లేదు.

"చెబుదామనే అనుకున్నా," అంది పొడుగుది. "నువ్వు ఏడుస్తావని."

"ఏడ్చేదాన్నేమో. ఏడిస్తే ఏమైంది?"

పొడుగుది మెట్టు మీద సున్నం గోకుతూ కూర్చుంది. తర్వాత అమ్మ పిలుస్తోందని దిగి వెళ్ళిపోయింది. ఎవరూ పిలవలేదని పిన్నికి తెలుసు. ఆ తర్వాత మూడు నెలలకి వాళ్ళు ఆ కొత్త బడి దగ్గరే ఇల్లు చూసుకుని మారిపోయారు. పొడుగుది రెండు ఉత్తరాలు రాసింది, ఫ్రెంచిలో. మొదటిదానికి పిన్ని నాలుగు చిత్తుప్రతులు రాసి ఒక్కటీ పోస్టు చెయ్యలేదు. రెండోదానికి చిత్తు కూడా రాయలేదు.

పదో తరగతి పరీక్షలో పిన్నికి జర్మన్‌లో అరవై ఒకటి వచ్చింది. ఐదేళ్ళు చదివినవాళ్ళలో యాభై దాటనివాళ్ళు బోలెడుమంది. మార్కులు చూపించడానికి వెళ్తే మాస్టారు కాగితం చాలాసేపు చూసి, "వ్యాసంలో ఎక్కడ పోయాయో నాకు తెలుసు," అన్నారు. తర్వాత నిఘంటువు తీసి ఆమె చేతిలో పెట్టారు. "నాకు ఇంకొకటి ఉంది," అన్నారు. లేదని పిన్నికి తెలుసు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్ద కథ లేదు. పిన్ని ఆ భాషనే పైకి చదివి, ప్యాకింగ్ యంత్రాలు తెప్పించే ఒక కంపెనీలో చేరింది. యంత్రాలతో వచ్చే పుస్తకాలను మన భాషలోకి మార్చే పని. మొదటి అంతస్తులో అద్దాల గది, బల్ల మీద కాగితాల దొంతర, చెవిలో కింద గిడ్డంగి చప్పుడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. సంబంధాలు రాకపోలేదు. ఒకాయన, "ఇంట్లో కూడా జర్మనే మాట్లాడతారా?" అని హాస్యమాడితే పిన్ని అవునంది. ఆయన మళ్ళీ రాలేదు. "నిజమనుకున్నాడు పాపం," అంటుంది.

ఆఫీసులో అందరూ 'జర్మన్ మేడమ్' అనేవాళ్ళు, మర్యాదగానే. పుట్టినరోజులకి పిలిచేవాళ్ళు కారు. మర్చిపోయేవాళ్ళు, అంతే.

చివరి ఏళ్ళలో ఆ పని కంప్యూటరు చెయ్యడం మొదలుపెట్టింది. పిన్ని సరిచూసి సంతకం పెడితే చాలన్నారు. ఒకసారి కోత యంత్రం పుస్తకం వచ్చింది. అందులో 'యంత్రాన్ని ఆపిన తర్వాత మూత తెరవవలెను' అని ఉంది. పిన్ని అసలు ప్రతి చూసి, 'యంత్రం ఆగిన తర్వాత' అని దిద్దింది. అప్పటికే వెయ్యి ప్రతులు అచ్చయిపోయాయి. కొత్త మేనేజరు పైకి వచ్చాడు.

"ఒక్క అక్షరం మేడమ్. ఆపితే ఆగదా? ఏమిటి తేడా?"

"నలభై సెకన్లు," అంది పిన్ని. "ఆపిన తర్వాత కత్తి నలభై సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఎనిమిదో పేజీలో రాశారు."

"లోడు రేపే వెళ్ళాలి. మీరు సంతకం పెట్టండి, తర్వాతి అచ్చులో మారుద్దాం."

"పెట్టనండీ."

ఆవిడ గొంతు పెంచలేదు. పెన్ను మూత బిగించి పక్కన పెట్టింది. పై అధికారి వచ్చాడు, ఆయనతోనూ అదే మాట. మొత్తానికి తొమ్మిది రోజులు ఆలస్యమైంది, వెయ్యి ప్రతులూ తిరిగి అచ్చువేశారు. ఎవరూ మెచ్చుకోలేదు. పైగా నెల తిరక్కుండా ఆవిడ బల్లని అద్దాల గదిలోంచి తీసి, వెనక సామాన్ల గది పక్కనున్న చిన్న గదిలో వేశారు. ఆ యంత్రాల దగ్గర పనిచేసిన ఎవరికీ ఈ సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదంటుంది పిన్ని. పదవీ విరమణ దాకా, మూడేళ్ళు, ఆ గదిలోనే పనిచేసింది. అక్కడ కిటికీ పెద్దదట.

ఇప్పుడు ఒక్కతే ఉంటుంది, మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో. ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. భోజనం దగ్గర మేమందరం ఒకరి మాట ఒకరికి వినబడకుండా అరుచుకుంటుంటే, పిన్ని కంచంలోకి చూస్తూ మెల్లగా తింటుంది. అడిగితే చెబుతుంది, అడగకపోతే లేదు. ఐదింటికి సంచి భుజాన వేసుకుంటుంది.

"ఉండిపోవే ఈ పూటకి," అంటుంది అమ్మ ప్రతివారం.

"లేదక్కా, రేపు పనుంది."

పనేమీ లేదని మా అందరికీ తెలుసు. నేను చెప్పులు వేసుకుని బస్టాపు దాకా వెళ్తాను. బస్సు వచ్చేదాకా ఇద్దరం నిలబడతాం. బస్సెక్కి కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నాక, ఇంక వెళ్ళమన్నట్టు నాకు చెయ్యి ఊపుతుంది.